పల్లకి నుంచి ప్రథమశ్రేణి దాకా: రాత్రి విమానయాన కథనాల్లో నిద్ర, మెలకువ

వ్యాససంగ్రహం:

దూరదేశాలకు రాత్రిపూట సాగే విమానయానంలో ప్రథమశ్రేణి ప్రయాణికుడు ప్రధానంగా కొనుక్కునేది నిద్ర. ఆ నిద్రను వర్ణించడం కథకుడికి సాధ్యపడదు. అందువల్ల ఈ తరహా యాత్రాకథనాలు వస్తువుల పట్టికలుగా మారుతున్నాయనీ, ఆ నిద్రకు కాపలా ఉన్నవారి మెలకువ వాటిలో చోటు కోల్పోతున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’, గాంధీ రైలుప్రయాణ రచనలు, సరోజినీ నాయుడు, శ్రీశ్రీల పల్లకి కవితలు, సత్యజిత్ రాయ్ ‘నాయక్’ చిత్రం ఆధారంగా, యాత్రాసాహిత్య విమర్శలో వాహనాన్ని కూడా ఒక పాఠ్యంగా చదవవలసిన అవసరాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, ప్రథమశ్రేణి, విమానయానం, పల్లకి, బోయీలు, నిద్ర, శ్రమ, కాశీయాత్ర చరిత్ర.

ఉపోద్ఘాతం

యాత్రాసాహిత్యంపై తెలుగులో జరిగిన పరిశోధన ఎక్కువగా యాత్రికుడు చేరుకున్న చోటును గురించి మాట్లాడింది. క్షేత్రాలు, నగరాలు, ఆచారాలు, ఆహారపదార్థాలు, రచయిత దృక్పథం అనే శీర్షికల కింద సమాచారాన్ని వర్గీకరించడం మన సిద్ధాంతగ్రంథాల్లో స్థిరపడిన పద్ధతి. యాత్రికుడు దేనిమీద వెళ్లాడు, ఏ తరగతిలో కూర్చున్నాడు, రాత్రి ఎలా పడుకున్నాడు అనే ప్రశ్నలు ‘ప్రయాణసాధనాలు’ అనే ఒకటి రెండు పేజీల ఉపశీర్షికలో ముగిసిపోతాయి. వాహనాన్ని ఇలా పక్కకు నెట్టడం వల్ల యాత్రికుడి చూపు ఎక్కడ తయారవుతున్నదో మనకు అందకుండా పోతున్నది. రైలుపెట్టెలో కూర్చున్నవాడికి కనిపించే దేశం వేరు, ఎద్దుబండిలో వెళ్లేవాడికి కనిపించే దేశం వేరు. జర్మన్ పండితుడు వోల్ఫ్‌గాంగ్ షివెల్‌బుష్ 1977లో వెలువరించిన రైలుప్రయాణ చరిత్రలో ఈ అంశాన్ని విస్తారంగా నిరూపించారు. రైలు వేగం కిటికీ బయటి దృశ్యాన్ని కదిలే చిత్రపటంగా మార్చిందనీ, యూరపులో పైతరగతి పెట్టెలను గుర్రపుబండి నమూనాలో అరలు అరలుగా కట్టడం వల్ల సంపన్న ప్రయాణికుడు సాటి మనుషులకు దూరమయ్యాడనీ ఆయన చూపించారు.

ఈ వ్యాసానికి ఎంచుకున్న వాహనం ఆ అరల చరిత్రలో చివరి మజిలీ వంటిది. దూరప్రయాణ రాత్రివిమానంలోని ప్రథమశ్రేణి గురించి పత్రికల్లో, పుస్తకాల్లో, దృశ్యమాధ్యమాల్లో విరివిగా కథనాలు వెలువడుతున్నాయి. వీటిని సాహిత్యమనడానికి సంకోచించవచ్చు గాని, యాత్రాకథనాలు కావనడానికి వీల్లేదు. నిర్మాణరీత్యా ఇవి ఆశ్చర్యం కలిగించేంతగా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. విమానాశ్రయంలో వేరుగా ఒక ద్వారం, వేరుగా ఒక విశ్రాంతి మందిరం, లోపల అడుగుపెట్టగానే పేరు పెట్టి పలకరింపు, చేతికి పానీయం, రాత్రిదుస్తులు, అత్తరు సీసాలున్న చిన్న సంచీ, భోజనపట్టిక, ఆ తరువాత కుర్చీని పడకగా మార్చి పరుపు పరవడం. ఇంతవరకు వర్ణన గింజ గింజా ఏరినట్టు సాగుతుంది. అక్కడ ఒక వాక్యం వస్తుంది: హాయిగా నిద్రపట్టిందనో, అనుకున్నంత పట్టలేదనో. మరుక్షణం వేడి తువాలు, ఫలహారం, దిగడం. పద్నాలుగు గంటల ప్రయాణంలో ఆరేడు గంటలు ఆ ఒక్క వాక్యంలో ఇమిడిపోతాయి. టిక్కెట్టు ధరలో అత్యధిక భాగం ఏ గంటలకోసం చెల్లించారో ఆ గంటలే కథనంలో ఖాళీగా ఉన్నాయన్న మాట. ఈ ఖాళీని ఎలా చదవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

పడక చరిత్ర

ముందుగా వాహనం గురించి కొన్ని విషయాలు. 1952 మేలో ఉత్తర అట్లాంటిక్ మార్గంలో విమానసంస్థలు ‘టూరిస్టు’ తరగతిని ప్రవేశపెట్టేదాకా ఆకాశంలో శ్రేణీభేదానికి పెద్దగా ప్రసక్తి లేదు. విమానమెక్కగలగడమే ఒక శ్రేణి. చౌకధర తరగతి వచ్చిన తరువాతనే పాతదాన్ని ‘ఫస్ట్’ అని వేరుచేసి చెప్పవలసి వచ్చింది. ఆ లెక్కన మొదటి తరగతి రెండవ తరగతి తరువాత పుట్టింది.

పడక మాత్రం అంతకన్నా పాతది. 1949లో పాన్ ఆమ్ సంస్థ నడపనారంభించిన బోయింగ్ స్ట్రాటోక్రూయిజర్‌లో రైలు బెర్తుల వంటి పడకలుండేవి. మెట్లు దిగి వెళితే కింది అంతస్తులో ఒక విశ్రాంతి మందిరం ఉండేది. 1958 నాటికి జెట్ విమానాలు వచ్చి ప్రయాణకాలం బాగా తగ్గడంతో ఆ పడకలు కనుమరుగయ్యాయి. త్వరగా చేరుకునేవాడికి పడకెందుకన్నది ఆనాటి తర్కం. 1976 నుంచి 2003 దాకా ప్రయాణికులను చేరవేసిన కంకార్డ్ ఆ తర్కానికి పరాకాష్ఠ. అందులో కుర్చీలు ఇరుకు, కిటికీలు అరచేతులంత. అయినా లండన్ నుంచి న్యూయార్క్‌కు మూడున్నర గంటలు. ఆ రోజుల్లో సంపన్నుడు ప్రయాణాన్ని కుదించుకోవడానికి డబ్బిచ్చాడు. నేటి సంపన్నుడు అదే ప్రయాణం నిడివి తనకు తెలియకుండా ఉండడానికి డబ్బిస్తున్నాడు. ఈ రెండు కోరికలకూ మధ్య ఉన్న తేడా విమానయాన చరిత్రకారులకన్నా సాహిత్య విద్యార్థులకే ఎక్కువగా ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

1990ల మధ్యలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ప్రథమశ్రేణిలో పూర్తిగా చదునయ్యే పడకను తెచ్చింది. 2000లో అదే సంస్థ దాన్ని బిజినెస్ తరగతికీ ఇచ్చింది. అప్పటినుంచి ప్రథమశ్రేణికి ఒక సంకటం మొదలైంది. నడుం వాల్చే హక్కు కింది శ్రేణికి కూడా దక్కినప్పుడు పైశ్రేణి దేన్ని అమ్మాలి? గోడలను, తలుపులను అమ్మవలసి వచ్చింది. 2007లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ380లో ‘సూట్’ అనే పేరుతో జారుడుతలుపుల గదులను ప్రవేశపెట్టింది. పక్కపక్కనున్న రెండు గదులను కలిపితే జంట పడక అవుతుంది. 2008లో ఎమిరేట్స్ తన ఎ380లో స్నానపుగదులను చేర్చింది. ఒక్కొక్కరికి అయిదు నిమిషాల నీరు. 2017లో అదే సంస్థ బోయింగ్ 777లో నేల నుంచి కప్పు దాకా గోడలున్న ఆరు గదులను ప్రకటించింది. మధ్యవరుసలోని గదులకు కిటికీ ఉండదు కాబట్టి, విమానం బయట అమర్చిన కెమెరాల దృశ్యాన్ని కిటికీ ఆకారంలో ఉన్న తెరలపై చూపే ఏర్పాటు చేసింది. షివెల్‌బుష్ చెప్పిన కదిలే చిత్రపటం ఇక్కడ అక్షరాలా చిత్రపటమే అయిపోయింది.

ఇంత చేసినా గాలి మాత్రం అందరికీ ఒకటే. ఎగిరే విమానం లోపలి పీడనం సుమారు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండమీది గాలికి సమానం. తేమ సాధారణంగా ఇరవై శాతం లోపు. మనుషుల ఊపిరి వల్ల కూడా కొంత తేమ చేరుతుంది కనుక, జనం పలచగా ఉండే ముందుభాగంలో గాలి మరింత పొడిగా ఉంటుంది. ముక్కు ఎండిపోవడంలోనూ, నాలుక రుచి మందగించడంలోనూ ప్రథమశ్రేణికి మినహాయింపు లేదు. ఏడు రకాల వంటకాలను వర్ణించే కథకులు ఈ నాలుక సంగతి ఎత్తరు.

నిద్రను ఎలా రాయాలి

నిద్రపోయేవాడు తన నిద్రను చూడలేడు. ఉత్తమపురుష కథనానికి ఇది సహజమైన హద్దు. అయితే ప్రయాణంలో నిద్ర రచనలోకి రానే రాదని దీని అర్థం కాదు. నిద్ర చెడినప్పుడు, లేదా ఒకరి నిద్రకు మరొకరు అడ్డు తగిలినప్పుడు అది కథ అవుతుంది. భారతీయ రాజకీయ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన ప్రథమశ్రేణి రాత్రి ప్రయాణమే దీనికి సాక్ష్యం.

1893 జూన్ 7 రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో గాంధీని మొదటి తరగతి పెట్టెలోంచి దించివేసిన ఘట్టం అందరికీ తెలుసు. ఆత్మకథలో ఆ ఘట్టానికి ముందున్న చిన్న వివరం మాత్రం ఎక్కువమంది దాటేస్తారు. ఆ స్టేషన్‌లో ప్రయాణికులకు పరుపు ఇచ్చేవారు. దానికి అయిదు షిల్లింగులు విడిగా చెల్లించాలి. పరుపు కూడా తీసుకొమ్మని అబ్దుల్లా సేఠ్ పట్టుబట్టినా, గాంధీ పంతానికో పొదుపుకో వద్దన్నారు. రాత్రి తొమ్మిది గంటల వేళ రైలు సిబ్బంది ఒకరు వచ్చి పరుపు కావాలా అని అడిగారు. తన దగ్గర ఉన్నదని గాంధీ జవాబిచ్చారు. ఆ తరువాత ఒక శ్వేతజాతి ప్రయాణికుడు వచ్చి ఆయన్ను ఎగాదిగా చూసి అధికారులను వెంటబెట్టుకొచ్చాడు. మొదటి తరగతి టిక్కెట్టు ఉన్న మనిషి ఆ రాత్రి వెయిటింగ్ రూములో చలికి వణుకుతూ కూర్చున్నాడు. ఇక్కడ కుర్చీ హక్కు గురించిన వివాదమంతా పడక చుట్టూ అల్లుకుని ఉంది. పక్కపక్కన కూర్చోవడం కన్నా పక్కపక్కన పడుకోవడం జాతి, వర్ణ వివక్షలకు ఇంకా సున్నితమైన చోటు. భోజనపంక్తి గురించి మనం చేసిన పరిశోధనలో పదోవంతు కూడా పడకపంక్తి గురించి చేయలేదు.

ఇరవైనాలుగేళ్ల తరువాత, 1917లో, గాంధీ భారతీయ రైళ్లలో మూడవ తరగతి గురించి ఒక వ్యాసం రాశారు. బొంబాయి నుంచి మద్రాసుకు మెయిల్ బండిలో చేసిన ప్రయాణం అందులోని ప్రధాన ఉదాహరణ. ఛార్జీ 13 రూపాయల 9 అణాలు. పెట్టెలో 22 మందికి చోటని రాసి ఉంది. అదీ కూర్చోవడానికే. పడుకునే వీలు లేదు, గడపవలసినవి రెండు రాత్రులు. రాయచూరు దాటాక రద్దీ భరించరానిదైందని ఆయన రాశారు. ఆ బండి ఆ తరువాత ఆదోని, గుంతకల్లు, కడప మీదుగా సాగేదే కనుక, ఆ నిద్రలేని రెండవ రాత్రి మన రాయలసీమ నేలమీద గడిచిన రాత్రి. గాంధీ అక్కడ వేసిన లెక్క విమర్శకుడు నేర్చుకోదగింది. మొదటి తరగతి ఛార్జీ మూడవ తరగతికి అయిదు రెట్లకు మించి ఉంది, మరి మూడవ తరగతివాడికి అందులో అయిదోవంతు, పోనీ పదోవంతు సౌఖ్యమైనా దక్కుతున్నదా అని ఆయన ప్రశ్న. నేటి ప్రథమశ్రేణి కథనాలు సౌఖ్యాన్ని దానితోనే కొలుస్తాయి. ఈ విమానంలోని పరుపును ఆ విమానంలోని పరుపుతో పోలుస్తాయి. అదే విమానంలో తెరకు అవతల నిటారుగా కూర్చున్న వీపులతో పోల్చవు. గాంధీ పోలిక ఒకే బండిలోని రెండు పెట్టెల మధ్య నడిచింది కాబట్టే అది విమర్శ అయింది.

నిద్రను లోపలినుంచి చూపడానికి కల్పన సాహిత్యానికి మరో దారి ఉంది: కల. సత్యజిత్ రాయ్ ‘నాయక్’ (1966) చిత్రంలో కథానాయకుడు అరిందమ్ ముఖర్జీ ప్రఖ్యాత నటుడు. విమానంలో చోటు దొరక్క రాత్రిరైలులో పైతరగతిలో ఢిల్లీకి వెళుతుంటాడు. ఆ ప్రయాణంలోనే కునుకు పట్టి, కురుస్తున్న నోట్ల మధ్య నడుస్తూ, ఆ నోట్ల ఊబిలోనే కూరుకుపోతున్నట్టు కలగంటాడు. పైకి లాగమని చేయి చాచితే గురువు అందడు. రైలు అతనికి మెత్తటి పడక ఇచ్చింది గాని నిద్రను ఇవ్వలేకపోయింది. ప్రయాణశ్రేణిని, దాని మూల్యాన్ని ఒక కలలో కలిపి చూపిన ఆ సన్నివేశం ముందు ఎన్ని వందల పరుపుల వర్ణనలైనా వెలవెలబోతాయి.

నిద్రపై ఆలోచనకు మన నోటిసాహిత్యం ఇంకొక కొలమానం ఇస్తుంది. స్త్రీల పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ప్రసిద్ధం. వనవాసంలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు రెప్పవేయకుండా కాపలా ఉంటే, ఇక్కడ ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయింది. అతని నిద్రను ఆమె తీసుకుందని మన పరంపరలో చెప్పుకుంటాం. నిద్రకు ఒక మొత్తం ఉంటుందనీ, ఒకరు ఎక్కువ తీసుకుంటే మరొకరు మేలుకోక తప్పదనీ ఆ ఊహ సూచిస్తుంది. శాస్త్రరీత్యా ఇది నిలవకపోవచ్చు. రాత్రివిమానాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా అనువైన ఊహ నాకు వేరే దొరకలేదు.

మోసేవారు కనిపించిన కాలం

తెరుచుకునే, మూసుకునే జారుడుతలుపులు, కాళ్లు చాపుకుని పడుకునేంత పొడవు, తలకింద దిండు, బయట చీకటి, లోపల నిద్రిస్తున్న ఒక్క మనిషి. ఈ వర్ణన 2007 నాటి విమాన సూట్‌కు ఎంత సరిపోతుందో పంతొమ్మిదో శతాబ్దపు మేనాకూ అంతే సరిపోతుంది. ఆనాటి డాక్ ప్రయాణాల్లో దొరలు ఎక్కువగా రాత్రిళ్లే కదిలేవారు. వంతులవారీగా భుజం మార్చుకునే బోయీలు, ముందు దివిటీ పట్టే మనిషి, మజిలీ మజిలీకి మారే కొత్త జట్టు. లోపలివాడు పడుకుని ఉంటే బయటివారు పరుగెత్తారు. దూరప్రయాణంలో పడక అనే ఆలోచన జెట్ యుగానిది కాదు, బోయీల భుజాలది.

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఆయన యాత్ర తెలుగు యాత్రాసాహిత్యానికి ఆదిగ్రంథమైంది. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాసి పంపిన ఆ విశేషాలు రచయిత మరణానంతరం 1838లో అచ్చయ్యాయి. సుమారు వందమంది పరివారం, పల్లకీలు, డేరాలు వెంట నడిచిన యాత్ర అది. ఏ కొలతతో చూసినా అది ఆనాటి ప్రథమశ్రేణి ప్రయాణమే. అయినప్పటికీ ఆ గ్రంథంలో దారి ఉంది. ఇసుక నేల ఎక్కడ, రాతి నేల ఎక్కడ, వాగులు ఎక్కడ, ఏ ఊళ్లో దినుసులు దొరుకుతాయి, ఎక్కడ దొరకవు అనే వివరాలు మజిలీ వెంట మజిలీ నమోదయ్యాయి.

వీరాస్వామయ్య సహృదయత వల్లనే ఈ వివరాలు వచ్చాయని మన విమర్శకులు సాధారణంగా అంటుంటారు. ఆయన సహృదయతను నేను శంకించడం లేదు. అయితే ఆ వివరాలకు మరొక కారణం వాహనంలోనే ఉంది. ఇసుకలో బోయీ కాలు కూరుకుపోతే పల్లకి వేగం తగ్గుతుంది. పరివారానికి బియ్యం దొరకకపోతే రేపటి మజిలీ లేదు. ఎవరికైనా జ్వరం వస్తే యాత్రంతా ఆగుతుంది. మోసేవారి శరీరస్థితే ప్రయాణస్థితి. కనుక వారిని చూడకుండా యాత్ర రాయడం ఆయనకు సాధ్యమయ్యే పని కాదు. గ్రంథంలో వారికి పాత్రలుగా పేర్లు, మాటలు దక్కకపోయినా, వారి పాదాల కింది నేల దక్కింది. ఆ నేల మన భాషలో తొలి యాత్రావచనానికి దినుసైంది.

1905లో ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ సంపుటిలో హైదరాబాదు కవయిత్రి సరోజినీ నాయుడు ఆంగ్లంలో రాసిన పల్లకి మోతగాళ్ల కవిత వచ్చేసరికి పరిస్థితి మారింది. ఆ కవిత బోయీల గొంతుతోనే సాగుతుంది. వారి నడక లయ అందులో చక్కగా పలుకుతుంది. లేనిది బరువు. లోపలి స్త్రీని మోయడం వారికి సంబరంగా, తేలికగా కనిపిస్తుంది. భుజం మీది దుంగ ఒరిపిడి గాని, చెమట గాని పాటలోకి రావు. బోయీలు నిజంగానే పాడుతూ నడిచేవారు. ఆ పాటలకు శ్రామికగేయాలుగా ఒక పని ఉంది: అడుగులను కలపడం, ఎదుటి గుంటను ముందుగా హెచ్చరించడం, అలుపును మరిపించడం. కవయిత్రి పాటను తీసుకుని పనిని వదిలేశారు. కవితగా అది అందంగా ఉన్నది, సందేహం లేదు. ఆ అందం వెల ఎంత అనే ప్రశ్నను తెలుగులో శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ అడిగింది. ప్రభువును వదిలి మోసినవారివైపు చూపు తిప్పమన్న ఆ కవిత మన విమర్శలో అనేకసార్లు ఉటంకింపబడింది గాని, యాత్రాసాహిత్య పరిశోధనకు ఒక పద్ధతిగా దాన్ని వాడుకున్నది తక్కువ.

వంగి నమస్కరించే మహారాజు

ఎయిర్ ఇండియా మహారాజు బొమ్మ 1946లో బాబీ కూకా ఆలోచనతో, ఉమేశ్ రావు గీతతో పుట్టింది. 1948 జూన్ 8న ‘మలబార్ ప్రిన్సెస్’ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు తొలి అంతర్జాతీయ ప్రయాణం చేసింది. 1971లో వచ్చిన తొలి జంబో జెట్‌కు ‘ఎంపరర్ అశోక’ అని పేరు పెట్టి, ఆకాశంలో రాజప్రాసాదమని ప్రచారం చేశారు. ఈ చిహ్నాల్లో నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించేది మహారాజు భంగిమ. తలపాగా, కోరమీసాలు, గుండెపై చేయి, వంగిన నడుము. రాజు వంగి నమస్కరిస్తున్నాడంటే ఎదుట ఉన్నవాడు అంతకన్నా గొప్ప రాజై ఉండాలి. సంస్థానాలు విలీనమవుతున్న కాలంలోనే ఒక మహారాజు పరిచారకుడి వేషంలో విమానమెక్కడం చరిత్రలోని చమత్కారం. అసలు పరిచారకులను ఈ బొమ్మ ఏం చేసింది? వారి స్థానంలో తాను నిలబడింది. చేతులు జోడించి పలకరించే నిజమైన మనిషి శ్రమ ఒక సరదా బొమ్మ ముఖంలో దాగిపోయింది.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ‘ది మేనేజ్డ్ హార్ట్’ గ్రంథంలో డెల్టా సంస్థ విమాన పరిచారికల పనిని అధ్యయనం చేశారు. బళ్లాలు మోయడం, అత్యవసర ద్వారాలు తెరవడం వంటి పనులతో పాటు, తమ లోపలి భావాన్ని అదుపులో పెట్టుకుని ఎదుటివారిలో ఒక భావాన్ని కలిగించడం కూడా వారి ఉద్యోగంలో భాగమని ఆమె నిరూపించారు. చిరునవ్వు వారి సొంతమై ఉండాలి, అదే సమయంలో సంస్థ ఆస్తిగానూ ఉండాలి. సరోజినీ నాయుడు కవితలోని బోయీల సంబరాన్ని ఈ గ్రంథం వెలుగులో తిరిగి చదివితే అది జానపద సౌందర్యంగా మాత్రమే మిగలదు.

ఎమిరేట్స్ 2017 నాటి గదికి మళ్లీ వస్తే, అందులో ఒక ఏర్పాటు ఉంది. ప్రయాణికుడు తలుపు తెరవకుండానే పానీయం, చిరుతిండి లోపలికి అందుకోవడానికి గోడలో చిన్న గవాక్షం ఉంటుంది. సిబ్బందిని పిలవడానికి దృశ్యఫోను ఉంటుంది. అంటే పళ్లెం కనిపిస్తుంది, పళ్లెం పట్టిన మనిషి కనిపించనక్కరలేదు. బోయీ లేకుండా పల్లకి ఊహించడం వీరాస్వామయ్యకు అసాధ్యమైతే, నేటి వాహనం ఆ అసాధ్యాన్ని గోడలోనే కట్టి ఇచ్చింది. కథకుడు సేవకులను విస్మరించాడని అతని నైతికతను తప్పుపట్టడంతో విమర్శ ఆగిపోతే అది సగం చదువు. విస్మరణ ఇక్కడ సౌకర్యంగా అమ్ముడవుతున్నది. కథకుడు తనకు అమ్మినదాన్నే రాస్తున్నాడు.

ఈ కథనాల్లో సిబ్బంది పూర్తిగా కనిపించరని కాదు. పేరుతో సహా ప్రస్తావించి మెచ్చుకునే కథకులున్నారు. ఆ మెప్పు దాదాపు ఎప్పుడూ ఒకే విధంగా ఉంటుంది: అడగకముందే తెచ్చిపెట్టారు, అలికిడి లేకుండా వచ్చి వెళ్లారు. ఉత్తమ సేవకుడి లక్షణం ఉనికి తెలియకపోవడమని ఈ ప్రశంసలు చెప్పకనే చెబుతాయి.

మన విమానాలు, మన ప్రయాణికులు

తెలుగువారికి ఈ చర్చతో సంబంధం దూరపుది కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు, షికాగోల మధ్య నేరుగా విమానం ప్రారంభించింది. ఆ మార్గంలో నడిపిన బోయింగ్ 777-200ఎల్‌ఆర్‌లో మొత్తం 238 సీట్లు: ప్రథమశ్రేణిలో 8, బిజినెస్‌లో 35, ఎకానమీలో 195. తెలుగు వలససాహిత్యంలో విమానం వచ్చే ప్రతిచోటా కథకుడి చూపు సాధారణంగా ఆ 195లో ఎక్కడో ఉంటుంది. కూతురి పురుడుకు వెళుతున్న తల్లి, మెడ వాల్చే చోటు లేక రాత్రంతా కొంగు సర్దుకుంటూ కూర్చున్న అమ్మమ్మ, ఆవకాయ సీసా గురించిన బెంగ. ఈ పాత్రలను ‘ప్రవాస అనుభవం’, ‘సాంస్కృతిక సంఘర్షణ’ అనే అలవాటైన శీర్షికల కింద మనం చర్చిస్తున్నాం. ఆమె ఆ రాత్రి నిద్రపోయిందా అని ఏ సిద్ధాంతవ్యాసమూ అడగగా నేను చూడలేదు. అరవై అయిదేళ్ల శరీరం పదహారు గంటలు నిటారుగా కూర్చోవడం సాంస్కృతిక సంఘర్షణ కన్నా ముందు వచ్చే సంగతి. ఆమె విమానం ఎక్కేటప్పుడు, ద్వారం ఎటువైపున ఉన్నదాన్నిబట్టి, పరుపులున్న గదుల పక్కనుంచే నడిచి వెళుతుంది. ఆ నాలుగడుగుల దారి మన కథల్లో ఎక్కడ ఉన్నదో వెతకవలసిన పని పరిశోధకులది.

ఆ నాలుగడుగుల గురించి 2016లో కాథరిన్ డిసెల్స్, మైకేల్ నార్టన్ ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. ప్రథమశ్రేణి ఉన్న విమానాల్లో ఎకానమీ ప్రయాణికుల దురుసు ప్రవర్తన ఘటనలు ఎక్కువగా నమోదయ్యాయనీ, వారు ముందుభాగం గుండా నడిచి వెళ్లవలసి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువని వారి లెక్క. సహసంబంధాన్ని కారణంగా తీసుకోవడంలో ఉన్న చిక్కు ఈ పత్రానికీ ఉంది. దాన్ని రుజువుగా కాక ఒక సూచనగా తీసుకోవడం మేలు. సౌఖ్యానికి మరో లెక్క కూడా ఉంది. ప్రపంచబ్యాంకు 2013లో వెలువరించిన ఒక పత్రం ప్రకారం ప్రథమశ్రేణి ప్రయాణికుడి కర్బన భారం ఎకానమీ ప్రయాణికుడి భారానికి తొమ్మిది రెట్ల వరకు ఉండవచ్చు. ఆక్రమించిన చోటు, ఖాళీగా ఎగిరే సీట్లు దీనికి కారణాలు. అయిదు రెట్ల ఛార్జీ గురించి అడిగిన గాంధీ ప్రశ్న ఈ అంకె దగ్గర తిరగబడుతుంది. మోయవలసిన బరువు ఇప్పుడు భుజాలమీద కాక గాలిలో కలుస్తున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. వెన్నునొప్పి ఉన్నవారు, శస్త్రచికిత్స చేయించుకున్నవారు, జీవితంలో ఒక్కసారి మనసుపడి కొనుక్కున్నవారు కూడా ఆ పడకపై నిద్రిస్తారు. వారి నిద్రను నేరంగా చూడడం విమర్శ పని కాదు. పైగా అలసిన శరీరానికి పడక కావాలన్న కోరికకన్నా న్యాయమైనది లేదు. 1917లో గాంధీ అడిగింది కూడా అదే, మూడవ తరగతి ప్రయాణికుడి తరఫున. విమర్శకుడు చూడవలసినది పాఠ్యాన్ని. ఆ నిద్ర ఎవరి మెలకువ మీద నిలిచిందో చెప్పగల కథనానికీ, చెప్పలేని కథనానికీ మధ్య భాషలో తేడా ఉంటుంది. చెప్పలేని కథనంలో క్రియలు కర్తను పోగొట్టుకుంటాయి. పడక పరచబడుతుంది, దీపాలు తగ్గించబడతాయి, ఫలహారం వస్తుంది. తెలుగుకు సహజం కాని ఈ కర్మణి ప్రయోగాలు అనువాదప్రభావమని మనం సరిపెట్టుకుంటాం. వీటిలో కొన్నింటికి వాహనప్రభావం కూడా ఉందేమో పరిశీలించవచ్చు. వీరాస్వామయ్య వచనంలో కర్తలు ఎక్కడ నిలుస్తారు, ఎక్కడ జారిపోతారు అన్నది ఇదే దృష్టితో లెక్కగట్టదగిన పని. ఒక ఎం.ఫిల్. స్థాయి అధ్యయనానికి అది చాలినంత విషయం.

దూరప్రయాణాలు చేసే బోయింగ్ 777 విమానాల్లో చాలావాటిలో ప్రయాణికుల తలలపైన, కప్పుకు పైభాగాన, సిబ్బంది వంతులవారీగా నడుం వాల్చడానికి ఇరుకైన పడకలుంటాయి. అక్కడ నిలబడడానికి ఎత్తు చాలదు. వంగి ఎక్కి, వంగి దిగాలి. దారి ఒక చిన్న తలుపు వెనుక ఉంటుంది. ఆ తలుపు ముందునుంచి వెళ్లే ప్రయాణికుడికి అది సామాను అరలాగా అనిపిస్తుంది. నేను చదివిన ప్రథమశ్రేణి కథనాల్లో అత్తరు సీసా ఎన్ని మిల్లీలీటర్లో ఉంది. ఆ తలుపు లేదు.